రెండడుగుల ట్యాంక్ నుంచి నాలుగడుగుల ట్యాంక్‌కి చేపల్ని మార్చేటప్పుడు

మీ ప్రశ్న ఇదీ కదా: రెండడుగుల ట్యాంక్‌లో రెండేళ్లుగా రెండు ఏంజెల్స్, ఎనిమిది బ్లాక్ విడో టెట్రాలు, నాలుగు కోరిడోరస్‌లు, ఒక సక్కర్ ఫిష్ ఉన్నాయి, ఇప్పుడు నాలుగడుగుల ట్యాంక్ కొన్నారు. దాన్ని నెల రోజులు ఖాళీగా నడపమని ఒకరు చెప్పారు. పాత నీళ్లన్నీ అందులో పోసేస్తే అదే రోజు చేపల్ని వేసేయొచ్చని ఇంకొకరు చెప్పారు. పాత ఫిల్టర్ నిండా మురికే, పారేసి కొత్తది పెట్టుకోమని మూడో ఆయన చెప్పారు. ఎవరి మాట వినాలి?

మొదటాయనది అతి జాగ్రత్త. రెండో ఆయన మాటలో సగం నిజముంది, కానీ ఆయన అనుకుంటున్న కారణం అది కాదు. మూడో ఆయన మాట వింటే మాత్రం వారం తిరక్కుండా చేపలు పోతాయి.

ముందు ఫిల్టర్ సంగతి చూద్దాం. చేపల వ్యర్థం నుంచి, అవి తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషమే, మూడోది కొంత మోతాదు దాకా పర్వాలేదు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, ఉన్నా లెక్కలోకి రానంత తక్కువ. అది ఫిల్టర్ స్పాంజ్‌కీ, సిరామిక్ రింగులకీ, గులకరాళ్లకీ, ట్యాంక్‌లో ఉన్న కొయ్యకీ అంటుకుని బతుకుతుంది. అందుకే పాత నీళ్లు పోస్తే బ్యాక్టీరియా కూడా వచ్చేస్తుందనే మాట నిజం కాదు. మీ పాత స్పాంజ్ పట్టుకుంటే జిడ్డుగా, గోధుమరంగు బురదలా అనిపించే ఆ పొరలోనే అది ఉంటుంది. మూడో ఆయన పారేయమంటున్నది సరిగ్గా దాన్నే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ట్యాంక్ పెద్దదైనంత మాత్రాన ఎక్కువ బ్యాక్టీరియా అక్కర్లేదు. చేపలు అవే, మేత అంతే, కాబట్టి రోజుకి పుట్టే అమ్మోనియా కూడా అంతే. ఇన్నాళ్లూ దాన్ని ఖర్చుచేసిన ఫిల్టర్‌ని తడి ఆరకుండా తీసుకెళ్లి కొత్త ట్యాంక్‌లో పెడితే అక్కడా అదే పని చేస్తుంది. నెల రోజులు ఖాళీగా నడపాల్సింది మీ దగ్గర పాత ట్యాంక్ అంటూ లేనప్పుడు. పైగా ఖాళీ ట్యాంక్‌లో అమ్మోనియా వేయకుండా ఊరికే ఫిల్టర్ తిప్పితే బ్యాక్టీరియాకి తినడానికి ఏమీ ఉండదు, అది పెరగదు, నెలయ్యాక కూడా మీరు మొదటి రోజు దగ్గరే ఉంటారు.

అలాగని ఫిల్టర్ పట్టుకెళ్తే పనైపోయినట్టు కాదు. నా లెక్కలో అసలు ప్రమాదం నీళ్లతోనే.

లెక్క వేసి చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే రెండు ఘనపుటడుగులు, సుమారు 56 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుంటే తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. పాత నీళ్లు ఆఖరి చుక్క దాకా పోసినా కొత్త ట్యాంక్‌లో అవి ఐదో వంతే, మిగతా నాలుగు వంతులూ కుళాయి నీళ్లు. అంటే చేపల వైపు నుంచి చూస్తే ఇది ఒకేసారి 80 శాతం నీళ్లు మార్చడం. మీ పాత నీళ్లూ కుళాయి నీళ్లూ దాదాపు ఒకేలా ఉంటే ఏమీ కాదు, తేడా ఎక్కువుంటే మీరెంత మెల్లగా వదిలినా చేపకి దెబ్బే.

తేడా ఉందో లేదో తెలియాలంటే మీరు ఇన్నాళ్లూ నీళ్లు ఎలా మార్చారో చూసుకోవాలి. వారం వారం పాతిక శాతం మారుస్తూ వచ్చినవాళ్లకి పెద్ద తేడా ఉండదు. ఆవిరైపోయినంత మేరకే పైనుంచి పోస్తూ నెట్టుకొచ్చిన ట్యాంకులైతే కథ వేరు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు నీళ్లలోనే మిగిలిపోతాయి, దాంతో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) పెరుగుతూ పోతుంది. నైట్రేట్ పేరుకుంటుంది. అమ్మోనియాని మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది కాబట్టి నీళ్లలోని కార్బొనేట్ మెల్లగా ఖర్చైపోయి, ఒక దశ దాటాక పీహెచ్ (ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే కొలత) కిందికి జారుతుంది. ఇదంతా నెలల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి లోపలున్న చేపలు అలవాటు పడిపోతాయి. బయటికి చూడ్డానికి నీళ్లు అద్దంలా ఉంటాయి, చేపలూ బాగానే తింటుంటాయి. కొత్త ట్యాంక్‌లోకి మార్చిన రెండో రోజు పొద్దున ఒక్కొక్కటీ పక్కకి వాలిపోతాయి. అప్పుడు అందరూ కొత్త ట్యాంక్‌నీ, దాన్ని అతికించిన గమ్‌నీ, రాళ్లనీ తిట్టుకుంటారు.

పీహెచ్ తక్కువున్న ట్యాంక్‌లో ఇంకో చిక్కు దాగి ఉంటుంది. పీహెచ్ 6.5 కన్నా కిందికి వెళ్లే కొద్దీ బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా మిగిలిపోతుంది. కానీ ఆ పీహెచ్‌లో అది దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపకి పెద్దగా హాని చేయదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషపూరితమైన అమ్మోనియా వాటా దగ్గర దగ్గర పది రెట్లవుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది అర శాతం పైచిలుకు, 8 ఉంటే ఐదు శాతం దాటుతుంది. అలాంటి పాత నీళ్లని పీహెచ్ 8 ఉన్న కుళాయి నీళ్లతో కలిపితే ఇన్నాళ్లూ సైలెంట్‌గా ఉన్నదే విషమై కూర్చుంటుంది. అందుకే పాత నీళ్లు పోయడం మంచిదా చెడ్డదా అంటే నీళ్లని బట్టి. శుభ్రంగా ఉన్నవైతే సగం దాకా పోయండి, చేపలకి తేడా కాస్త తగ్గుతుంది. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాటి ఎర్రగా చూపిస్తోందంటే ఆ నీళ్లని మొక్కలకి పోసుకోండి.

కాబట్టి పని మొదలవ్వాల్సింది పాత ట్యాంక్‌లో, అదీ రెండు వారాల ముందు. టెస్ట్ కిట్‌తో పాత ట్యాంక్ పీహెచ్ చూడండి. ఒక గ్లాసు కుళాయి నీళ్లు పట్టి, ఒక రోజంతా అలా ఉంచి, అప్పుడు దాని పీహెచ్ చూడండి. పట్టిన వెంటనే చూస్తే నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల అంకె తప్పు వస్తుంది, బోరు నీళ్లయితే ఇంకా ఎక్కువ తప్పుతుంది. రెండింటి మధ్య తేడా 0.3 లోపు ఉంటే నిశ్చింతగా మార్చేయండి. అంతకు మించి ఉంటే పాత ట్యాంక్‌లోనే రోజూ పది పదిహేను శాతం చొప్పున నీళ్లు మారుస్తూ వెళ్లండి. పది పదిహేను రోజుల్లో పాత ట్యాంక్ నీళ్లు కుళాయి నీళ్ల దారికి వస్తాయి, చేపలు కూడా. విసుగు పుట్టించే పనే, కానీ ఈ మొత్తం వ్యవహారంలో చేపల ప్రాణం కాపాడేది ఇదే.

ఆ రెండు వారాల్లో కొత్త ఫిల్టర్‌ని కూడా పాత ట్యాంక్‌కే తగిలించి నడపండి, రెండూ పక్కపక్కన తిరుగుతుంటాయి. నెల రోజులు కుదిరితే ఇంకా మంచిది. జాగా లేకపోతే కనీసం కొత్త ఫిల్టర్‌లో పెట్టబోయే రింగుల్ని ఒక నెట్ సంచిలో వేసి పాత ట్యాంక్‌లో నీళ్లు బాగా కదిలే చోట వేలాడదీయండి.

కొత్త ట్యాంక్ పెట్టే చోటు గురించి రెండు ముక్కలు. 255 లీటర్లంటే నీళ్ల బరువే 255 కిలోలు, గాజు, గులకరాళ్లు, స్టాండ్ కలిపితే 300 కిలోలు దాటుతుంది. ఒకసారి నింపాక జరపడం అనే మాట ఉండదు, సగం నీళ్లతో కూడా జరపకండి, అడుగు గాజు మెలితిరిగి పగులుతుంది. చుట్టూ ఫ్రేమ్ లేని ట్యాంకైతే కింద థర్మాకోల్ గానీ ఫోమ్ షీట్ గానీ తప్పనిసరి. రెండంగుళాలు నీళ్లు పోసి నాలుగు మూలలా స్కేల్‌తో కొలిస్తే వాలు ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత పూర్తిగా నింపి ఒక రోజు వదిలేయండి, అతుకుల వెంబడి పొడి టిష్యూ నడిపిస్తే ఎక్కడ కారుతున్నా పట్టేస్తుంది. కొత్తగా అతికించిన ట్యాంక్‌లో వెనిగర్ లాంటి వాసన వస్తోందంటే సిలికాన్ ఇంకా ఆరలేదని అర్థం, ఆ వాసన పోయేదాకా నీళ్లు పోయకండి.

హీటర్ వాడుతుంటే పాత 50 వాట్లది ఇక్కడ చాలదు, లీటరుకి సుమారు ఒక వాట్ లెక్కన చూసుకోండి. ఫిల్టర్ గంటకి ట్యాంక్ నీళ్లని నాలుగైదు సార్లు తిప్పగలగాలి.

మార్చే రోజుకి ముందు రోజే కొత్త ట్యాంక్‌ని మూడొంతులు నింపి, యాంటీ క్లోరిన్ వేసి, హీటర్, ఎయిర్ పంప్ ఆన్ చేసి ఉంచండి. మీ నీళ్లలో వేసేది మామూలు క్లోరిన్ అయితే ఒక రోజు గాలి కొడితే పోతుంది, క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ అయితే అలా పోదు. దానికి మామూలు యాంటీ క్లోరిన్ వేస్తే క్లోరిన్ భాగం పోయి అమ్మోనియా మిగులుతుంది, అందుకే అమ్మోనియాని కూడా పట్టి ఉంచే కండిషనర్ వాడాలి. ముందు రోజు మేత ఆపేయండి. జాలి పడకండి, పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు, ఖాళీ కడుపుతో ఉన్న చేప బకెట్ నీళ్లని తక్కువ పాడుచేస్తుంది.

పొద్దున్నే మొదలుపెట్టండి, రాత్రి పూట వద్దు. ఏదైనా తేడా వస్తే గమనించడానికి సాయంత్రం దాకా టైముండాలి. హీటర్ స్విచ్ తీసి పావుగంట ఆగాకే నీళ్లు తోడండి, వేడి మీదున్న గాజు గొట్టం గాలి తగిలితే పగులుతుంది. సబ్బు ముఖం చూడని బకెట్లు తీసుకుని పాత నీళ్లలో సగం పైగా వాటిలోకి లాగండి. కొయ్య, రాళ్లు, మొక్కలు అన్నీ బయటికి తీసేయండి. వాటిని లోపలే ఉంచి నెట్‌తో చేపల వెంట పడటమంత వృథా పని లేదు, అరగంట తరిమితే చేప సగం చచ్చినట్టే. నీళ్లు నాలుగంగుళాలకి దిగాక, లైటు ఆపేసి, రెండు చేతుల్లో రెండు నెట్లు పట్టుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక నెట్‌ని కదపకుండా పట్టుకోండి, రెండోదాంతో అటు తోలండి.

కోరిడోరస్‌లనీ సక్కర్ ఫిష్‌నీ మాత్రం నెట్‌తో పట్టకండి. వాటి రెక్కల ముందుండే ముల్లు భయపడగానే బిగుసుకుని వలకళ్లలో ఇరుక్కుంటుంది. ఇక దాన్ని విడదీయడం నరకం, లాగితే ముల్లు విరుగుతుంది, చివరికి కత్తెరతో నెట్‌నే కోసి వదలాలి. వాటిని మూలకి తోలి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాని నీళ్లలోనే ముంచి లోపలికి ఎక్కించుకోండి. ఏంజెల్స్‌కి కూడా డబ్బానే మంచిది, పొడుగు రెక్కలు చిరగవు.

చేపలున్న బకెట్‌కి మూత, ఎయిర్ స్టోన్ రెండూ ఉండాలి. ఇప్పుడు ఫిల్టర్. విప్పకండి, కడగకండి, ఉన్నదున్నట్టు తీసుకెళ్లి కొత్త ట్యాంక్‌లో పెట్టి ఆన్ చేయండి. మరీ అడ్డుపడి నీళ్లు రావడం లేదంటే పాత ట్యాంక్ నీళ్ల బకెట్‌లో ఒకటి రెండు సార్లు పిండండి, కుళాయి కింద మాత్రం వద్దు, క్లోరిన్ ఆ పొరని చంపేస్తుంది. కదలని నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే బ్యాక్టీరియా చస్తుంది, కాబట్టి ఫిల్టర్ ఆగి ఉండే టైము గంట దాటకుండా చూసుకోండి.

కొత్త ట్యాంక్ సరిగ్గా పాతది ఉన్న చోటే పెట్టాల్సి వస్తే పద్ధతి కాస్త మారుతుంది. అప్పుడు చేపలు టబ్‌లో సగం రోజు ఉండాలి. ఒక పెద్ద టబ్‌లో పాత నీళ్లు, చేపలు వేసి పాత ఫిల్టర్‌ని ఆ టబ్‌లోనే నడపండి, పైన ఏదైనా కప్పండి. టబ్ అంటే చిన్న ట్యాంకే కదా, కొత్త ట్యాంక్ లీక్ టెస్ట్ అయ్యేదాకా తొందర పడక్కర్లేకుండా ఒక రోజు కూడా ఉంచొచ్చు.

పాత గులకరాళ్లు వాడతానంటే సరే, కానీ వాటి కింద రెండేళ్ల మురికి ఉంటుంది. అలాగే ఎత్తి పోస్తే నీళ్లు మట్టి రంగుకి వచ్చి అమ్మోనియా పెరుగుతుంది. మందంగా ఇసుక ఉండి, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు, చేపలుండగా దాన్ని కెలకనే కూడదు. గులకరాళ్లని పాత నీళ్లలోనే రెండు మూడు సార్లు జాడించి వాడుకోండి.

చేపల్ని వదలడానికి ముందు బకెట్‌లో, ట్యాంక్‌లో థర్మామీటర్ పెట్టి చూడండి, తేడా ఒకటి రెండు డిగ్రీలు మించకూడదు. తర్వాత ట్యాంక్ నీళ్లు కొంచెం కొంచెంగా ఐదు నిమిషాలకోసారి బకెట్‌లో పోస్తూ, బకెట్‌లో నీళ్లు మూడింతలయ్యేదాకా ముప్పావుగంట తీసుకోండి. పాత ట్యాంక్‌ని ముందే రెండు వారాలు సిద్ధం చేసి ఉంటే ఇంత కూడా అక్కర్లేదు. ముందు కోరిడోరస్‌లు, తర్వాత టెట్రాలు, సక్కర్ ఫిష్, అందరికన్నా ఆఖర్న ఏంజెల్స్. దాదా లాంటి చేపని ముందు వదిలితే మొత్తం ట్యాంక్ తనదే అనుకుని మిగతావాటిని తరుముతుంది. కొయ్య, మొక్కలు కూడా ఒక మూల నుంచి ఇంకో మూల సూటిగా కనబడకుండా అడ్డం పెట్టండి.

ఆ రోజుకి లైటు వేయకండి. ఏంజెల్స్ రంగు వెలిసిపోయి, చారలు నల్లగా తేలి, ఒక మూలన నిలబడిపోతాయి. టెట్రాలు గుంపుగా అడుగున దాక్కుంటాయి. ఇంత పెద్ద ఇల్లు ఇస్తే సంతోషించవేంటని టెన్షన్ పడకండి, ఒకటి రెండు రోజులు అంతే. మూత మాత్రం గట్టిగా వేయండి, మొదటి రాత్రే చేపలు ఎక్కువగా ఎగిరి బయట పడేది.

మర్నాడు చిటికెడు మేత, మొదటి వారమంతా మామూలుగా వేసేదాంట్లో సగం. పది రోజులు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏదైనా 0.25 పీపీఎం దాటితే పాతిక శాతం నీళ్లు మార్చండి, అంతే, మందులూ పొడులూ వద్దు. నైట్రైట్ చూపిస్తూ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీళ్లు మార్చడంతో పాటు పది లీటర్లకి ఒకటి రెండు గ్రాముల కల్లుప్పు కరిగించి పోయండి, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి వెళ్లనివ్వదు. మూడో నాలుగో రోజున నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడొచ్చు. అది నీళ్లలో పెరిగే వేరే బ్యాక్టీరియా, దానంతటదే తగ్గుతుంది. ఆ తెలుపు చూసి కంగారుపడి ఫిల్టర్ కడిగేసేవాళ్లు ఉంటారు, అలా చేస్తే మళ్లీ మొదటికొస్తారు. ఒంటి మీద ఉప్పు రేణువుల్లాంటి తెల్ల చుక్కలు వస్తే మాత్రం వైట్ స్పాట్, మార్పు ఒత్తిడికీ వేడి హెచ్చుతగ్గులకీ తరచుగా వచ్చేది అదే, దానికి వెంటనే వైద్యం మొదలుపెట్టాలి.

పాత ఫిల్టర్‌ని కనీసం ఆరు వారాలు కొత్తదాని పక్కనే నడవనివ్వండి. రెండింటినీ ఒకే వారం కడగకండి.

ఇక మీరు అడగకపోయినా చెబుతున్నాను, ట్యాంక్ బోసిగా కనిపిస్తోందని వారం తిరక్కుండా కొత్త చేపలు తేవాలనిపిస్తుంది. నెల ఆగండి. మీ ఫిల్టర్‌లో ఉన్న బ్యాక్టీరియా ఈ పదిహేను చేపల మేతకి సరిపడా ఉంది, ఒకేసారి ఇంకో పదిహేను వస్తే దానికి అందుకోవడం కష్టం. తెచ్చినా నాలుగైదు చొప్పునే తెండి. పాత రెండడుగుల ట్యాంక్ కూడా ఎవరికీ ఇచ్చేయకండి, కొత్తగా తెచ్చిన చేపల్ని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచడానికి అంతకన్నా మంచిది దొరకదు. ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్‌ని పెద్ద ట్యాంక్ మూలన ఎప్పుడూ తిరగనిస్తే, అవసరం పడ్డ రోజు దాన్ని తీసి అందులో పెట్టుకోవచ్చు.

ఇవాళ చేయాల్సింది ఒక్కటే. పాత ట్యాంక్ పీహెచ్, నైట్రేట్, అమ్మోనియా, ఒక రోజు నిలవ ఉంచిన కుళాయి నీళ్ల పీహెచ్, ఈ నాలుగు అంకెలూ చూసి చెప్పండి. వచ్చే వారం మార్చొచ్చా, పదిహేను రోజులు ఆగాలా అనేది వాటిని బట్టే చెప్పగలను.